యుద్ధకాలపు శీర్షికలు: వార్తకు సనదు ఉందా?

2025 మే 9, శుక్రవారం. జుమా నమాజు ముగిసింది. మసీదు వరండాలో చెప్పులు తొడుక్కుంటున్న ఒక పెద్దాయన నన్ను ఆపి, "మౌల్వీ సాబ్, రాత్రి టీవీలో చెప్పారు. కరాచీ ఓడరేవు తగలబడిపోయిందట, ఇస్లామాబాదు కూడా మనవాళ్ల చేతికొచ్చిందట. నిజమేనా?" అని అడిగారు. నేను జవాబు చెప్పేలోపే పక్కనున్న కుర్రాడు ఫోను తీసి, "కాదు చాచా, ఇందులో ఇంకోలా ఉంది చూడండి" అంటూ విమానం కూలుతున్న దృశ్యం ఒకటి చూపించాడు.

మరునాటి సాయంత్రానికి కాల్పుల విరమణ ప్రకటించారు. కరాచీ ఓడరేవు ఎప్పటిలా పనిచేస్తూనే ఉంది. ఇస్లామాబాదు ఎవరి చేతికీ రాలేదు. కుర్రాడు చూపించిన దృశ్యం పిల్లలు కంప్యూటరులో ఆడుకునే యుద్ధక్రీడలోదని తరువాత తెలిసింది. ఆ రాత్రి కోట్లాది కుటుంబాలు అన్నం ముందు కూర్చుని చూసిన "బ్రేకింగ్ న్యూస్"లో చాలా భాగం గాలికి పోయింది. కానీ పెద్దాయన మళ్లీ నన్ను ఆ సంగతి అడగలేదు. చెప్పినవారూ తప్పు చెప్పామని అంతే గట్టిగా చెప్పలేదు.

పోనీలే, అబద్ధం చెప్పారు, అబద్ధమని తేలింది, ఎవరికేం నష్టం అనుకోవచ్చు. నష్టం ఎవరికో తెలియాలంటే అంతకు రెండు రోజుల ముందు పూంఛ్‌లో జరిగిన సంగతి వినాలి.

మరణించిన వాడికి మరో మరణం

2025 మే 7న జమ్మూ కాశ్మీరులోని పూంఛ్ పట్టణం మీద సరిహద్దు అవతలి నుండి ఫిరంగి గుండ్లు కురిశాయి. పదిమందికి పైగా పౌరులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో హిందువులు, సిక్కులు, ముస్లిములు, పసిపిల్లలు ఉన్నారు. అక్కడి ఒక మదర్సాలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయుడు కూడా ఆ గుండ్లకే బలైపోయాడు. పాకిస్తాను ఫిరంగికి చనిపోయిన భారతీయ పౌరుడాయన.

కొన్ని జాతీయ టీవీ ఛానళ్లు ఆయన ఫొటో చూపి, మన సైన్యం దాడిలో హతమైన ఉగ్రవాది అని ప్రకటించాయి. గడ్డం, టోపీ, మదర్సా. అంతకు మించి వారు సాక్ష్యం వెతికినట్టు లేదు. ఇంటి పెద్దను పోగొట్టుకున్న కుటుంబం ఏడుస్తూ ఉండగానే, పోయినవాడు ఉగ్రవాది కాడని లోకానికి చెప్పుకోవలసి వచ్చింది. చివరికి పూంఛ్ పోలీసులే ముందుకు వచ్చి, ఆయన స్థానికంగా గౌరవనీయుడైన వ్యక్తి అనీ, ఉగ్రవాదంతో ఆయనకు ఏ సంబంధమూ లేదనీ ప్రకటన ఇచ్చారు. కొందరు ప్రసారకులు విచారం వెలిబుచ్చారు. జూన్ నెలలో అక్కడి న్యాయస్థానం ఈ వ్యవహారంపై కేసు నమోదు చేయమని ఆదేశించింది.

నేనూ మదర్సాలో చదువుకున్నవాణ్ణే, పిల్లలకు పాఠం చెప్పి బతికేవాణ్ణే. ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. యుద్ధంలో గుండు ఒకసారే చంపుతుంది. తప్పుడు శీర్షిక చచ్చినవాణ్ణి మళ్లీ చంపి, అతని పిల్లల్ని బతికినంత కాలం తలదించుకునేలా చేస్తుంది.

ఉహుద్ నాటి పుకారు

యుద్ధంలో తప్పుడు వార్త ఎంత పని చేయగలదో మన చరిత్రకు కొత్త కాదు. హిజ్రీ 3వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 625లో, ఉహుద్ యుద్ధం జరుగుతుండగా దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) వీరమరణం పొందారన్న కేక లేచింది. నిజానికి అమరులైనది పతాకం పట్టిన హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి). ఆయనను చూసి శత్రువు పొరబడ్డాడు. ఆ ఒక్క మాటతో ఎందరో వీరుల చేతులు చచ్చుబడ్డాయి, కొందరు ఆయుధాలు కింద పెట్టేశారు. హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) శిరస్త్రాణం కింద మెరుస్తున్న కళ్లను గుర్తుపట్టి, ప్రవక్త (సఅసం) బతికే ఉన్నారని కేక వేసిన తరువాత గానీ వారు తేరుకోలేదు. కత్తులు చేయలేని పనిని ఒక వార్త చేసింది. కళ్లారా చూసిన ఒక మనిషి దాన్ని సరిదిద్దాడు.

మరో ఘటన కూడా ఉంది. జకాతు వసూలుకు పంపిన వ్యక్తి తిరిగి వచ్చి, ఫలానా తెగవారు జకాతు ఇవ్వమన్నారనీ తనను చంపబోయారనీ చెప్పాడు. మదీనాలో ఆగ్రహం పెల్లుబికింది, దండు కదిలే మాట వచ్చింది. విచారిస్తే, ఆ తెగవారు అతిథిని ఆదరించడానికే ఎదురు వచ్చారని తేలింది. సూరా హుజురాత్ 6వ ఆయతుకు ఈ ఘటనను నేపథ్యంగా చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. నమ్మదగని వాడు వార్త తెస్తే ముందు విచారించుకోవాలనీ, లేకుంటే తెలియక ఒక జాతికి హాని చేసి ఆనక పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ ఆ ఆయతు హెచ్చరిస్తుంది. ఈ హెచ్చరికలో బాధ్యత వార్త తెచ్చినవాడితో ఆగలేదు. విన్నవారి మీద కూడా పడింది.

'ట' అక్షరం ఎక్కడికి పోయింది?

హదీసు పాఠం మొదలుపెట్టిన రోజున మా ఉస్తాదుగారు మాకు మొదట నేర్పినది హదీసు కాదు, సనదు. అంటే ఈ మాట ఎవరు చెప్పారు, ఆయన ఎవరి దగ్గర విన్నారు, ఆయనకు ఎవరు చెప్పారు అన్న గొలుసు. గొలుసులో ఒక లంకె తెగినా మాట బలహీనమైపోతుంది. లంకెలో ఉన్న మనిషి పేరు తెలియకపోయినా అంతే. "నాకు ఫలానా ఆయన చెప్పగా విన్నాను" అనడం వేరు, "ఫలానా ఆయన నుండి" అనడం వేరు. రెండో మాటలో తాను స్వయంగా విన్నాడో లేదో తెలియదు. లోపాన్ని దాచి మాటను నిగనిగలాడేలా చెప్పడాన్ని తద్‌లీస్ అంటారు. ఆ అలవాటు ఉన్నవాడు "నుండి" అంటే ముహద్దిసులు ఒప్పుకోరు, "విన్నాను" అని చెప్పమంటారు.

ఇప్పుడు మన పత్రికల్లోని "విశ్వసనీయ వర్గాల సమాచారం", "రక్షణ వర్గాల భోగట్టా" అన్న మాటలను ఈ కొలబద్దతో కొలవండి. ఆ వర్గం ఎవరు? చూశారా, విన్నారా? వారికి ఇందులో లాభం ఏమైనా ఉందా? పేరు బయటపెడితే ప్రాణానికి ముప్పు ఉన్న సాక్షులు ఉంటారు, వారి పేరు దాచడం న్యాయమే. కానీ యుద్ధం చేస్తున్న ప్రభుత్వమే తన మాటను "వర్గాల" నోట చెప్పిస్తే అది సాక్ష్యం కాదు, ప్రచారం.

మన తెలుగు భాష ఈ విషయంలో చాలా నిజాయితీ గల భాష. మనకు 'ట' అని ఒక చిన్న అక్షరం ఉంది. కళ్లతో చూస్తే "వచ్చాడు" అంటాం, ఎవరో చెబితే "వచ్చాడట" అంటాం. చదువురాని అవ్వ కూడా ఈ తేడా పాటిస్తుంది. మసీదు వరండాలో ఆ పెద్దాయన సైతం "తగలబడిపోయిందట" అనే అన్నారు. టీవీ తెర మీద మాత్రం ఆ 'ట' లేదు.

శీర్షిక పెట్టేది చాలావరకు వార్త రాసిన విలేకరి కాదు. రాత్రివేళ డెస్కు మీద కూర్చున్న ఉపసంపాదకుడు పెడతాడు. స్థలం కొంచెమే ఉంటుంది, సమయం అంతకంటే తక్కువ. అక్షరాలు తగ్గించాలంటే మొదట ఎగిరిపోయేది "అని ప్రకటించారు", "అని ఆరోపణ" అన్న తోకే. తోక తెగితే ఆరోపణ కాస్తా వాస్తవం అయిపోతుంది. లోపల నాలుగో పేరాలో "ఈ విషయం ధ్రువపడలేదు" అని ఉండవచ్చు. నాలుగో పేరా దాకా చదివేవారు ఎందరు?

భారత ప్రెస్ కౌన్సిల్ రూపొందించిన పాత్రికేయ నియమాలు కూడా ఇదే చెబుతాయి. శీర్షిక కింద ఉన్న వార్తకు తగినట్టు ఉండాలి. ఆరోపణను శీర్షిక చేస్తే అది ఎవరి ఆరోపణో చెప్పాలి, లేదా కనీసం ఉటంకింపు గుర్తులైనా పెట్టాలి. అంటే శీర్షికకు కూడా సనదు ఉండాలన్నమాట. అయితే ఈ కౌన్సిల్ పరిధి పత్రికల వరకే. టీవీ ఛానళ్లు దాని కిందికి రావు.

గొలుసు తెగిన రెండు కథలు

మొదటి ప్రపంచ యుద్ధకాలం, 1917 ఏప్రిల్. జర్మన్లు తమ సైనికుల శవాలను కర్మాగారంలో ఉడికించి కొవ్వు తీస్తున్నారని లండన్ పత్రికలు రాశాయి. ఆధారంగా చూపినవాటిలో ఒక జర్మన్ పత్రికలోని "కడావర్" అన్న మాట ఉంది. జర్మన్ భాషలో ఆ మాటను మామూలుగా పశువుల కళేబరానికి వాడతారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది మనిషి శవం అయింది. రెండు భాషల మధ్య బతికే మా వంటివారికి ఈ పొరపాటు ఎంత సులువో తెలుసు. కానీ శత్రువు మీద కోపం ఉన్నప్పుడు పొరపాటును ఎవరూ సరిచూడరు. 1925లో బ్రిటిష్ విదేశాంగ మంత్రి ఆస్టిన్ చేంబర్లెయిన్, ఆ కథకు ఆధారం లేదన్న జర్మనీ మాటను పార్లమెంటులో అంగీకరించాడు.

ఆ అబద్ధానికి అసలు మూల్యం అప్పుడు కాదు, ఆ తరువాత చెల్లింది. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు యూదులను లక్షల సంఖ్యలో చంపుతున్నారన్న నిజమైన వార్తలు వచ్చినప్పుడు, "ఇదీ వెనకటి శవాల కర్మాగారం కథ వంటిదేలే" అని పెదవి విరిచినవారు ఉన్నారు. నిన్నటి అబద్ధం రేపటి నిజానికి సాక్ష్యం లేకుండా చేస్తుంది.

రెండో కథ మన కుటుంబాలకు దగ్గరిది. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. కడప, గోదావరి జిల్లాల నుండి అక్కడికి పనికి వెళ్లినవారి ఇళ్లల్లో పొయ్యి వెలగని రోజులవి. అక్టోబరు 10న అమెరికాలో 15 ఏళ్ల కువైటీ బాలిక కాంగ్రెసు సభ్యుల ముందు కన్నీళ్లతో సాక్ష్యం చెప్పింది. ఇరాకీ సైనికులు ఆసుపత్రిలోకి చొరబడి, ఇంక్యుబేటర్ల నుండి పసికందులను తీసి చల్లని నేల మీద పడేశారని, తాను చూశానని చెప్పింది. ఆ మాట ప్రపంచమంతా పాకింది. అధ్యక్షుడు బుష్ పలుమార్లు దాన్ని ఉదహరించాడు. 1991 జనవరి 12న అమెరికా సెనేట్ 52-47 ఓట్లతో యుద్ధానికి అనుమతి ఇచ్చింది. చర్చలో ఈ పసికందుల మాట వినిపించింది.

ఆ బాలిక ఇంటిపేరు ఎందుకు చెప్పలేదని చాలామంది అడగలేదు. 1992 జనవరిలో అసలు సంగతి బయటపడింది. ఆమె అమెరికాలోని కువైట్ రాయబారి కుమార్తె. ఆ సాక్ష్యం వెనుక, కువైట్ తరఫున డబ్బు పుచ్చుకున్న హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థ ఉంది. తరువాత విచారించిన మానవ హక్కుల సంస్థలకు ఆ కథకు రుజువు దొరకలేదు. ఆక్రమణలో కువైటీలు హింస అనుభవించిన మాట నిజమే, దాన్ని ఎవరూ కాదనలేరు. ఆ నిజం చాలదన్నట్టు దానికి కల్పన జోడించారు. సాక్షి ఎవరని ఆనాడే అడిగి ఉంటే గొలుసు అక్కడే తెగేది.

మనకు నచ్చే అబద్ధం

ఇప్పటిదాకా పరుల తప్పులు చెప్పాను. ఇక నా తప్పు చెప్పుకోవాలి.

2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలైన రోజుల్లో ఒక్క వారం తేడాతో రెండు శీర్షికలు ప్రపంచాన్ని ఊపేశాయి. అక్టోబరు 10న, హమాస్ దాడిలో నలభై మంది పసిపిల్లల తలలు నరికారన్న మాట టీవీలో వచ్చింది, మరునాడు బ్రిటన్ పత్రికల మొదటి పేజీలకెక్కింది. అమెరికా అధ్యక్షుడు బైడెన్ అటువంటి ఫొటోలు చూసినట్టు మాట్లాడగా, ఆయన స్వయంగా చూడలేదని ఆయన కార్యాలయమే సవరించుకుంది. ఆ దాడిలో పిల్లలు కూడా చనిపోయారు, అది ఘోరం. కానీ నలభై తలల మాట రుజువు కాలేదు.

అక్టోబరు 17న గాజాలోని అల్ అహ్లీ ఆసుపత్రి ఆవరణలో పెద్ద పేలుడు జరిగింది. ఇజ్రాయిలు దాడిలో 500 మంది చనిపోయారన్న గాజా ఆరోగ్య శాఖ మాట నిమిషాల్లో శీర్షిక అయింది. తరువాత ఆ శాఖే 471 అంది. అమెరికా గూఢచారి సంస్థలు 100 నుండి 300 మధ్య అని అంచనా వేశాయి. ఇజ్రాయిలు ఆ దాడి తమది కాదనీ, ఇస్లామిక్ జిహాద్ రాకెట్టు గురి తప్పి పడిందనీ చెప్పింది. ఆ సంస్థ కాదంది. రాకెట్టే కారణం కావచ్చని హ్యూమన్ రైట్స్ వాచ్ తన పరిశీలనలో అభిప్రాయపడగా, దాన్ని ఒప్పుకోని పరిశోధకులూ ఉన్నారు. న్యూయార్క్ టైమ్స్ అక్టోబరు 23న సంపాదకుల గమనిక ప్రచురించి, మొదటి వార్తల్లో హమాస్ మాటల మీద అతిగా ఆధారపడ్డామనీ, అవి ధ్రువపడలేదని స్పష్టం చేయలేదనీ ఒప్పుకుంది.

మొదటి శీర్షిక చదివినప్పుడు నేను వెంటనే "సాక్ష్యం ఏది?" అని అడిగాను. రెండో శీర్షిక చదివినప్పుడు అడగలేదు. మరునాడు తరగతిలో పిల్లలతో, "ఇజ్రాయిలు ఒక్క బాంబుతో 500 మందిని చంపింది" అని చెప్పేశాను. ఎవరు చెప్పారో చెప్పలేదు, 'ట' కూడా కలపలేదు. వారం తరువాత అదే తరగతిలో నిలబడి, నేను విచారించకుండా మాట్లాడానని చెప్పవలసి వచ్చింది. ముప్ఫై ఏళ్లుగా సనదు గురించి పాఠం చెబుతున్న నోటితో ఆ మాట చెప్పడం తేలిక కాలేదు.

కొందరు మిత్రులు నాతో అన్నారు: "అక్కడ అంతమంది చనిపోతుంటే ఈ లెక్కలెందుకు హజ్రత్?" అందుకే కావాలి. ఆ తరువాత రెండేళ్లలో గాజాలో చనిపోయినవారు పదుల వేలు. ఆ నిజానికి మన అతిశయోక్తి అక్కర్లేదు. మనం పంపిన ఒక్క తప్పుడు ఫొటో, ఎప్పుడో సిరియాలో తీసినది, దొరికితే చాలు, "అన్నీ ఇలాంటివే" అనడానికి కాదనేవాడికి వీలు చిక్కుతుంది. నష్టపోయేది గాజా తల్లే.

చనిపోయినవాడిని ఏమని పిలుస్తాం?

శీర్షికలో అబద్ధం లేకపోయినా మోసం ఉండవచ్చు. ఉర్దూ పత్రికల్లో చనిపోయినవాడికి మూడు మాటలు ఉన్నాయి. శత్రువైతే "హలాక్", మామూలు మనిషైతే "జాఁ బహఖ్", మనవాడైతే "షహీద్". తెలుగులోనూ అంతే. ఒకడిని "మట్టుబెట్టారు", ఒకడు "మృతి", ఒకడిది "వీరమరణం". తీర్పు విచారణ తరువాత రావాలి. ఇక్కడ క్రియాపదంలోనే వచ్చేస్తుంది. పూంఛ్ ఉపాధ్యాయుడికి తగిలింది ఈ దెబ్బే.

అలాగే "భవనం కూలి 20 మంది మృతి" అన్న శీర్షిక ఊహించండి. భవనం వానకు కూలిందా, బాంబుకు కూలిందా? బాంబు ఎవరిది? కర్త మాయమైతే నేరం కూడా మాయమవుతుంది. చేసినవారు తెలిసినప్పుడు పేరు దాచడం, తెలియనప్పుడు పేరు అంటగట్టడం, రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు.

నిలబడినవారు ఉన్నారు

పత్రికలన్నీ ఇంతేనని కొట్టిపారేయడం కూడా విచారణ లేని మాటే. 2025 మేలో పాకిస్తాన్ ఉప ప్రధాని ఇస్‌హాఖ్ దార్, తమ వైమానిక దళాన్ని లండన్ డైలీ టెలిగ్రాఫ్ ఆకాశానికెత్తిందని సెనేట్‌లో చెప్పారు. అలాంటి పేజీయే లేదని, ప్రచారంలో ఉన్న చిత్రం నకిలీదని తేల్చినది వారి సొంత దేశపు పత్రిక డాన్. యుద్ధ వేడి చల్లారని రోజుల్లో సొంత ప్రభుత్వపు మాటను సరిదిద్దడానికి ధైర్యం కావాలి. మన దేశంలోనూ ఆ రోజుల్లో ఛానళ్ల కట్టుకథలను ఒక్కొక్కటిగా విప్పి చూపిన పాత్రికేయులు ఉన్నారు, పూంఛ్ కుటుంబం గోడును లోకానికి వినిపించినదీ పాత్రికేయులే. గాజాలోకి విదేశీ విలేకరులను స్వతంత్రంగా వెళ్లనివ్వని కాలంలో అక్కడి వార్త బయటికి తెచ్చిన స్థానిక విలేకరులు వంద మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారి వార్తకు విలువ దక్కాలంటే వార్త పేరుతో చెలామణి అయ్యే చెత్తను మనం వేరుచేయాలి.

సవరణ ఇవ్వడంలో కూడా న్యాయం ఉండాలి. ఇరాక్‌లో మారణాయుధాలు ఉన్నాయన్న వార్తలను 2002లో మొదటి పేజీలో వేసిన న్యూయార్క్ టైమ్స్, తమ వార్తలు తగినంత పరిశీలనతో రాలేదని 2004 మే 26న ఒప్పుకుంది. కానీ ఆ ఒప్పుకోలు లోపలి పేజీలో వచ్చింది. అప్పటికే యుద్ధం మొదలై ఏడాది దాటింది. తప్పు ఎంత పెద్ద అక్షరాల్లో పడిందో సవరణ కూడా అంత పెద్దగా పడాలని పాఠకులుగా మనం ఉత్తరం రాసి అడగవచ్చు.

మన ఇంట్లో మనం చేయగలిగినది

పత్రికను మనం నడపం. కానీ మన నోరు, మన ఫోను మన చేతుల్లోనే ఉన్నాయి. విన్నదల్లా చెప్పుకుంటూ పోవడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునన్న భావంతో హదీసు ఉంది. యుద్ధ వార్త వచ్చినప్పుడు ఇంట్లో ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుందాం. ఎవరు చెప్పారు? వారు స్వయంగా చూశారా? ఈ మాట వల్ల వారికి లాభం ఉందా? ఎదుటి పక్షం ఏమంటోంది? జవాబు దొరక్కపోతే ఒక్క రోజు ఆగుదాం. ఒక్క రోజు ఆలస్యంగా తెలిసినందువల్ల మన కొంపలేవీ మునగవు. తొందరపడి పంపిన వార్తతో మాత్రం ఎవరిదో ఒకరి కొంప మునగవచ్చు. ఇంతకు ముందే తప్పు పంపి ఉంటే, పంపినవారందరికీ "అది నిజం కాదు" అని మళ్లీ పంపుదాం. సిగ్గుపడవలసినది తప్పు దిద్దుకోవడానికి కాదు.

అన్నిటికంటే ముఖ్యం, మన మనసుకు నచ్చిన వార్తనే ఎక్కువ అనుమానంతో చూడడం. శత్రువు మీద వచ్చిన వార్తకు ఒక కొలబద్ద, మనవారి మీద వచ్చిన వార్తకు మరో కొలబద్ద ఉంటే అది విచారణ కాదు, పక్షపాతం.

మొన్న ఆ పెద్దాయన మళ్లీ వరండాలో కనిపించారు. ఏదో వార్త చెప్పబోయి ఆగి, "ఎవరు చెప్పారో నాకు తెలియదు మౌల్వీ సాబ్, తెలిశాక చెబుతాను" అన్నారు. ఆ జవాబు విని నాకు ఎంతో సంతోషం కలిగింది. విన్నదానికీ చూసినదానికీ తేడా మరచిపోని నోటిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.